అక్టోబర్‌లో ఒర్టీజియా: జీన్స్, స్వెటర్, గ్రీకు స్తంభాలు

ఇటలీలోని సిసిలీ దీవికి అక్టోబర్‌లో వెళ్తే కోటు మోసుకెళ్లక్కర్లేదు. అక్కడి సిరకూజా నగరంలోని ఒర్టీజియా అనే చిన్న దీవిలో తిరిగినన్ని రోజులూ నా యూనిఫాం ఒకటే: పాత జీన్స్, లినెన్ చొక్కా, నడుముకి చుట్టుకున్న పల్చటి స్వెటర్. మధ్యాహ్నం చెమట, సాయంత్రం సముద్రపు గాలి. షూస్ మాత్రం గ్రిప్ ఉన్నవే వేసుకోండి, అక్కడి రాతి బండలు జనం నడిచి నడిచి నున్నగా అరిగిపోయాయి. కాటన్ చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే చర్చిలో భుజాలు కప్పుకోవడానికి పనికొస్తుంది.

అసలు చెప్పాల్సింది దీవిలోని పెద్ద చర్చి గురించే. ముందు నుంచి చూస్తే 18వ శతాబ్దపు బరోక్ (ఆడంబరమైన యూరప్ శైలి) సోకులు, 1693 భూకంపం తర్వాత కట్టినవి. పక్క సందులోకి తిరిగితే గోడలో సగం కూరుకుపోయిన లావుపాటి డోరిక్ (పాత గ్రీకు శైలి) స్తంభాలు! క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకులు ఎథీనా దేవతకి కట్టిన గుడి అది. క్రైస్తవులు స్తంభాల మధ్య ఖాళీలు గోడతో మూసి చర్చి చేసుకున్నారు. 878లో అరబ్బులు ఊరిని గెలిచాక మసీదైంది, ఉత్తర ఫ్రాన్స్ నుంచి నార్మన్లనే క్రైస్తవులు వచ్చాక మళ్లీ చర్చి. ఎవరికి వాళ్లు తమకి కావాల్సినట్టు మార్చుకున్నారు గానీ చాలా స్తంభాలు అలాగే మిగిలాయి. ఫోటోలు తీయడం మానేసి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఆర్కిమెడీస్ ఊరు కూడా ఇదే. క్రీ.పూ. 212లో రోమన్లు ఊరిని పట్టుకున్నప్పుడు ఒక సైనికుడి చేతిలో చనిపోయాడు. ఆయన పేరు మీద ఒక చౌరస్తా ఉంది. కానీ దాని మధ్యలో ఫౌంటెన్ మీద నిలబడింది మాత్రం రోమన్ల వేట దేవత డయానా, పాపం లెక్కల మాస్టారు!