శాలువా కప్పాక అసలు పని మొదలు

మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, మనం స్వర్ణ అని పిలుచుకునే వరి, 1982లో విడుదలైంది. వశిష్ట, మషూరిల సంకరం. దానికి పేటెంటు లేదు, రాయల్టీ లేదు. అయినా రాష్ట్రాలు దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. వరి గింజకు ఉన్న సుగుణం అది: ఒక్క బస్తా ఊళ్లోకొస్తే రెండేళ్లలో ఊరంతా అదే విత్తనం. అందుకే గోదావరి డెల్టాలో విశ్వవిద్యాలయ పరిశోధన అనగానే "వాళ్లు కనిపెట్టారు, రైతుకు చేరింది" అనుకోవడం అలవాటైపోయింది. మందులకూ మేతలకూ యంత్రాలకూ ఆ లెక్క కుదరదు. అవి వాటంతట అవి మొలకెత్తవు. ఎవరో ఒకరు ఫ్యాక్టరీ పెట్టి చెయ్యాలి, పాడవకుండా దాచాలి, అమ్మాలి, పనిచెయ్యకపోతే జవాబు చెప్పాలి. విశ్వవిద్యాలయం తన పద్ధతిని కంపెనీకి అప్పగించేటప్పుడు, శాలువాలు కప్పుకున్నాక మొదలయ్యే ఆ పని గురించే ఇది.

కొబ్బరి సంగతే తీసుకుందాం. 2016లో మన దేశంలో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. కారిన తేనె బంక మీద నల్లటి మసి పడుతుంది. దీని మీద ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున చల్లమంటారు. ఎండకు శిలీంధ్ర బీజాలు (విత్తనాల్లా మొలిచే కణాలు) చస్తాయి కాబట్టి సాయంత్రం పూటే చల్లాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో ఈ శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇస్తున్నారు. ఇలాంటి శిలీంధ్రాన్ని ఒక కంపెనీ టన్నుల్లో చేస్తానని ముందుకొచ్చిందనుకోండి. అప్పుడేం జరుగుతుంది?

ల్యాబులో పని తేలికే. పాలిప్రొపిలీన్ సంచిలో పావుకిలో సగం ఉడికిన బియ్యం పోసి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులన్నీ చంపి), చల్లారాక తల్లి కల్చర్, అంటే తోడులాంటి స్వచ్ఛమైన శిలీంధ్రం, కలిపి, చల్లటి గదిలో రెండు వారాలుంచితే చాలు. అదే బియ్యం 50 కిలోలు పెద్ద ట్రేలో పోస్తే కథ మారిపోతుంది. శిలీంధ్రం పెరిగేకొద్దీ వేడి పుడుతుంది. చిన్న సంచిలో ఆ వేడి పక్కల నుంచి పోతుంది, మందపాటి పొరలో నడిమధ్య చిక్కుకుంటుంది. మధ్యలో శిలీంధ్రం కుంగుతుంది, వేడికి తట్టుకునే బాక్టీరియా ఆ జాగాలో చేరి బియ్యం పులిసిపోతుంది. పైపొర చూస్తే మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది! పొర పలచగా పరచాలి, గాలి ఆడాలి, ప్రతి బ్యాచ్‌లోనూ పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి విడివిడిగా నమూనా తీయాలి. పైన ఒక్కచోట తీసి సంతకం పెట్టేస్తే తర్వాత ఏడవాల్సిందే.

తర్వాత ఆరబెట్టడం. పొడి రూపంలో తేమ 8 శాతం మించకూడదు, అలాగని వేడిగాలి గట్టిగా కొడితే బీజాలే చస్తాయి. బ్యువేరియా వంటి శిలీంధ్ర మందులకు గ్రాముకు 10 కోట్ల సజీవ బీజాలు ఉండాలి. కల్తీ సూక్ష్మజీవులు గ్రాముకు 10 వేలు దాటకూడదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ లెక్క సరిపోతే చాలదు. మే నెలలో రేకుల కొట్టులో నెల రోజులు పడున్న ప్యాకెట్‌లో ఎన్ని బతికున్నాయన్నదే రైతుకు కావలసింది. కాబట్టి సాంకేతికత బదలాయించే ముందే విశ్వవిద్యాలయం గది ఉష్ణోగ్రతలోనూ 40 డిగ్రీల దగ్గరా నెలనెలా లెక్కించిన పట్టిక చేతిలో ఉంచుకోవాలి. అది లేని ల్యాబు ఫలితానికి కంపెనీ ఇచ్చే ధర కూడా అలాగే ఉంటుంది.

ఇక పేటెంటు. భారత పేటెంటు చట్టం సెక్షన్ 3(సి) ప్రకారం ప్రకృతిలో దొరికిన సూక్ష్మజీవికి పేటెంటు రాదు. 3(జె) ప్రకారం విత్తనానికీ మొక్కకూ రాదు. కొత్త వంగడానికైతే 2001 నాటి వంగడాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదు ఉంది. అంటే మన శిలీంధ్రం విషయంలో పేటెంటు అడగగలిగేది తయారీ పద్ధతి మీద, ఫార్ములా మీద మాత్రమే. అందుకు అవసరమైన చోట కల్చర్‌ను చండీగఢ్‌లోనో పుణేలోనో గుర్తింపు పొందిన నిల్వ కేంద్రంలో పెట్టి నంబరు తీసుకోవాలి. జీవ పదార్థం ఎక్కడిదో దరఖాస్తులో చెప్పాలి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ లాంఛనాలు కూడా ముగించాలి. తాత్కాలిక దరఖాస్తు వేశాక పూర్తి వివరాలకు 12 నెలల గడువు. విద్యాసంస్థలకు ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకైతే 8,000. డబ్బు అడ్డం కాదన్నమాట.

అడ్డం పడేది సిద్ధాంత గ్రంథం. విద్యార్థి థీసిస్ ఎవరైనా చూడగల ఆన్‌లైన్ భాండాగారాలైన కృషికోశ్‌లోనో శోధ్‌గంగలోనో ఎక్కిందంటే, జర్నల్‌లో వ్యాసం వచ్చిందంటే, ఆ పద్ధతి కొత్తది కాకుండా పోతుంది. సెక్షన్ 31లో కొన్ని సందర్భాలకు 12 నెలల వెసులుబాటు ఉంది గానీ మామూలు జర్నల్ వ్యాసానికి దాన్ని నమ్ముకోకూడదు. ముందు దరఖాస్తు, తర్వాతే వ్యాసం. ఇంకో చిక్కు: విద్యార్థి ఉద్యోగి కాదు. అతని హక్కుల బదలాయింపు పత్రం చేరిన రోజే రాయించుకోకపోతే, అతను హైదరాబాదో అమెరికానో వెళ్లాక సంతకం కోసం తిరగాలి.

అయితే కంపెనీ నిజంగా కొనేది పేటెంటు కన్నా చేతి పనితనం. ఆత్రేయపురం పూతరేకుకు ఏ బియ్యం, ఏ కుండ అనేది కాగితం మీద రాయొచ్చు. రేకు చిరగకుండా లాగడం మాత్రం పక్కన కూర్చుంటేనే వస్తుంది. ఒప్పందంలో శాస్త్రవేత్త ఎన్ని రోజులు ఫ్యాక్టరీకి వస్తాడు, ఎన్ని బ్యాచ్‌లు దగ్గరుండి చేయిస్తాడు, ఏ ప్రమాణం చేరితే బదలాయింపు పూర్తయినట్టు అన్నవి అంకెల్లో రాయాలి. ఎంవోయూలో, అంటే ముందుగా రాసుకునే అవగాహన పత్రంలో, ఇవేవీ ఉండవు. శాలువాల ఫొటోకి తప్ప దేనికీ పనికిరాని ఎంవోయూలే ఎక్కువ అని నా అభిప్రాయం.

రాయల్టీ దగ్గర ఎమ్మార్పీ మీదా, కంపెనీ చేతికొచ్చే నికర అమ్మకం మీదా అన్నది ముందే తేల్చాలి. లెక్క కోసం: కిలో ఎమ్మార్పీ 300, డీలరు కమీషన్లు పోగా కంపెనీకి 180 వస్తుందనుకోండి. 4 శాతం అంటే మొదటి పద్ధతిలో 12 రూపాయలు, రెండోదాంట్లో 7.20. ఏటా 20,000 కిలోలకు తేడా 96,000 రూపాయలు. శాతం ఎంత అని గంటలు వాదించి, దేని మీద శాతమో రాయడం మరిచిపోవడం మామూలే.

ఒక్క కంపెనీకే హక్కులిస్తే కనీస వార్షిక రాయల్టీ, రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు గడువు, అమ్మకాల మొదలుకు గడువు తప్పనిసరి. లేకపోతే సరుకు అటకెక్కినా అడిగే దిక్కుండదు. పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కంపెనీ పేరు మీదే వస్తుంది. విషపరీక్షల నివేదికలు ఎవరివి, ఒప్పందం రద్దయితే విశ్వవిద్యాలయం వాటిని మరొకరికి ఇవ్వవచ్చా అన్నది అందుకే ముందే రాయాలి. తల్లి కల్చర్ తిరిగిచ్చే షరతూ అదే పేజీలో ఉండాలి. ఇచ్చేటప్పుడు ఏ గొట్టంలో, ఏ తేదీన, ఏ నంబరుతో ఇచ్చారో రిజిస్టర్లో ఇద్దరి సంతకాలతో రాసుకుంటే, తిరిగి వచ్చిన గొట్టంలో ఉన్నది మనం ఇచ్చిన శిలీంధ్రమేనో కాదో పరీక్షించి తేల్చుకోవచ్చు.