35,700 రూపాయల లెక్క

రేణిగుంట రోడ్డు వైపు ఒక చిన్న ఫ్లాట్ చూసుకుని 25 లక్షల హోమ్ లోన్‌కి అప్లై చేశాను. సిబిల్ స్కోరు 780. ఇన్నేళ్లలో ఒక్క కంతు కూడా ఆలస్యం చేయలేదు, ఇక టెన్షన్ ఎందుకు అనుకున్నా. రాదన్నారు.

బ్యాంకులో మేడమ్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. చేతికొచ్చే జీతం 48,000. బైక్‌కి 4,200, చెల్లెలి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్‌కి 9,800. కొత్త లోన్ 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి నెలకు సుమారు 21,700. అన్నీ కలిపితే 35,700, అంటే జీతంలో 74 శాతం. మామూలుగా 50 శాతం దాటితే బ్యాంకులు వెనకాడతాయి. పాత బాకీ ఎలా కట్టామో స్కోరు చెబుతుంది, కొత్తది మోయగలమా అన్నది ఈ శాతం చెబుతుంది. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

ఇంట్లో చెబితే నాయన, "మిగిలే పన్నెండు వేలతో ఇల్లెట్లా గడుస్తాదిరా?" అన్నాడు. పాప స్కూల్ ఫీజు గుర్తొచ్చి నాకు మాట రాలేదు.

పాత అప్పులు రెండూ తీరితే ఇదే లోన్ 45 శాతానికి దిగుతుంది. ఇంకా 11 నెలలు. ఫ్లాట్ ఓనర్ అంతవరకు ఆగలేనన్నారు. బాధగానే ఉంది.