పేరు దాచినా రాత పట్టిస్తుంది: నలుగురిలో ప్రశ్న అడిగే ముందు

ఎవరైనా ప్రశ్న అడిగి ఎవరైనా జవాబు రాసే సైటు క్వోరా 2018 డిసెంబరులో ఒక ప్రకటన చేసింది. తమ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని, సుమారు 10 కోట్ల మంది వివరాలు బయటివాళ్లకు చిక్కి ఉండొచ్చని ఒప్పుకుంది. పేర్లు, ఈమెయిళ్లు, ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డులే కాదు, ఎవరు దేనికి డౌన్‌వోట్ (నచ్చలేదనే ఓటు) వేశారన్నదీ, కొందరు ఒకరికొకరు పంపుకున్న సందేశాలూ అందులో ఉన్నాయి. కానీ అజ్ఞాతంగా అడిగిన ప్రశ్నలు, రాసిన జవాబులు ఎవరివో మాత్రం బయటపడలేదు. ఆ రాతకూ రాసినవారి ఖాతాకూ మధ్య లంకెను క్వోరా తన దగ్గర ఉంచుకోకపోవడమే దానికి కారణం. ఇంట్లో లేని నగను దొంగ ఎత్తుకుపోలేడు.

ప్రైవసీ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. సెట్టింగులు చేసేది మీరిచ్చిన వివరాన్ని తోటి సభ్యులకు కనబడకుండా చేయడం. వివరం మాత్రం కంపెనీ దగ్గర అలాగే ఉంటుంది. ఇవ్వని వివరానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు.

అసలు పేరు పెట్టిస్తే అల్లరి తగ్గుతుందన్న వాదన పాతదే. దక్షిణ కొరియా దాన్ని చట్టంగా చేసి చూసింది. 2007 నుంచి పెద్ద సైట్లలో ఏదైనా రాయాలంటే అసలు గుర్తింపు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 2011లో అక్కడి ఒక పెద్ద పోర్టల్ నుంచి దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. 2012 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. దానివల్ల చెడు రాతలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని కూడా తీర్పులో చెప్పింది. క్వోరా సైతం 2021లో అసలు పేరు నిబంధనను వదులుకుంది. పేరు వేరు, నమ్మకం వేరు. పేరు తెలియని మనిషి చెప్పింది కూడా నమ్మదగినదై ఉండొచ్చు. దాన్ని తేల్చుకునే పద్ధతి వేరే ఉంది, ఆఖర్లో చెబుతాను.

ఖాతా తెరిచేటప్పుడు

సున్నితమైన ప్రశ్నల కోసమైతే ఇంకెక్కడా వాడని ఈమెయిల్ ఒకటి కొత్తగా తెరవండి. పాత ఈమెయిల్‌లోనే ప్లస్ గుర్తు తగిలించి వాడితే లాభం లేదు, ప్లస్‌కు ముందున్న భాగం అసలు చిరునామాను చూపించేస్తుంది. యూజర్‌నేమ్ కూడా కొత్తదే కావాలి. పదేళ్ల క్రితం ఏదో ఆటలో పెట్టుకున్న మారుపేరునే అన్నిచోట్లా వాడేవాళ్లు చాలామంది. ఆ ఒక్క మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే ఖాతాలన్నీ వరుసగా దొరుకుతాయి. ఫొటోదీ ఇదే కథ. వేరేచోట పెట్టిన బొమ్మనే ఇక్కడా పెడితే, బొమ్మతో వెతికే సెర్చ్ రెండింటినీ కలిపేస్తుంది.

గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ అయితే పేరు, ఫొటో వాటంతట అవే వచ్చి కూర్చునే అవకాశం ఉంది. కాంటాక్టులు ఎక్కించమని అడిగితే వద్దనండి, లేకపోతే మీ ఫోన్‌లో ఉన్నవాళ్లకు "మీకు తెలిసినవారు" అంటూ మీ ఖాతానే చూపించొచ్చు. పాస్‌వర్డ్ వేరేది పెట్టి, రెండంచెల ధ్రువీకరణను ఎస్సెమ్మెస్‌తో కాకుండా, ఫోన్‌లోనే కోడ్లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌తో పెట్టుకోండి. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి దాచండి. ఫోన్ పోయిన రోజున అవి లేకపోతే ఖాతా తిరిగి రావడం కష్టం.

తర్వాత సెట్టింగుల్లో ప్రైవసీ పేజీ. అక్కడ చూడాల్సినవి నాలుగే: సెర్చ్ ఇంజిన్లకు మీ పేరు కనబడనివ్వాలా, ఈమెయిల్‌తో గానీ ఫోన్ నంబరుతో గానీ మిమ్మల్ని వెతకనివ్వాలా, మీకు సందేశాలు ఎవరు పంపొచ్చు, మీ రాతలపై ఎవరు వ్యాఖ్యానించొచ్చు. మొదటి రెండూ ఆపేయండి. సందేశాలను మీరు అనుసరిస్తున్నవాళ్లకే పరిమితం చేయండి. కొత్త సదుపాయం వచ్చినప్పుడల్లా డీఫాల్ట్ (కంపెనీ ముందే పెట్టి ఉంచిన సెట్టింగు) ఎటువైపు ఉందో చూసుకోవాలి. 2012లో క్వోరా ఏ పోస్టును ఎవరు చదివారో పేర్లతో చూపించడం మొదలుపెట్టి, సభ్యులు గగ్గోలు పెట్టాక వెనక్కి తీసుకుంది. చదవడం కూడా బయటపడుతుందని అప్పటిదాకా చాలామంది ఊహించి ఉండరు.

అన్నీ అయ్యాక బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో, లాగిన్ కాకుండా మీ ప్రొఫైల్ తెరిచి చూడండి. కొత్తవాడికి ఏం కనబడుతుందో అదే మీ అసలు సెట్టింగు.

రాతలోంచి కారిపోయేవి

నా దృష్టిలో ఎక్కువమంది దొరికిపోయేది సెట్టింగుల వల్ల కాదు, వాక్యాల వల్ల. 2006లో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ పరిశోధకుల కోసమని సుమారు 6.5 లక్షల మంది మూడు నెలల పాటు వెతికిన మాటల్ని బయటపెట్టింది. పేర్లు తీసేసి వాటి చోట అంకెలు పెట్టింది. కొద్ది రోజుల్లోనే విలేకరులు ఒక అంకె వెనక ఉన్న మనిషిని కనుక్కొని ఇంటికి వెళ్లి మాట్లాడారు. విడివిడిగా చూస్తే ఏ వెతుకులాటా ఆమెను పట్టించలేదు, కుప్పగా పోస్తే పట్టించింది. అంతకుముందే 2000లో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు అమెరికా జనాభా లెక్కలతో ఇంకో సంగతి చూపించారు. తపాలా కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలు చాలు, 87 శాతం మందిని ఒక్కొక్కరిగా విడదీయవచ్చని.

అందుకే ప్రశ్నలో ఉండాల్సింది జవాబును మార్చే వివరం మాత్రమే. ఒక ఉదాహరణ. "నాకు 34 ఏళ్లు, ఫలానా ఆసుపత్రి పిల్లల వార్డులో 9 ఏళ్లుగా నర్సుని. మొన్న మంగళవారం గొడవైనప్పటి నుంచి మా హెడ్ నాకు రాత్రి షిఫ్టులే వేస్తున్నారు." ఇది చదివిన సహోద్యోగికి పేరు అక్కర్లేదు. ఇదే ప్రశ్నను ఇలా అడగొచ్చు: "షిఫ్టుల్లో పనిచేస్తాను. కొన్నాళ్లుగా వరసగా రాత్రి షిఫ్టులే పడుతున్నాయి. అభ్యంతరం రాతపూర్వకంగా ఎలా చెప్పాలి?" వచ్చే జవాబు రెండింటికీ ఒకటే. మందుల మోతాదు లాంటి విషయంలో వయసు నిజంగా అవసరమైతే 34 అనకుండా "30, 35 మధ్య" అంటే చాలు. వివరాన్ని మసకబార్చండి, అబద్ధంగా మార్చకండి. తప్పు వివరానికి తప్పు సలహానే వస్తుంది. గొడవ జరిగిన రోజే అడగకుండా రెండు మూడు వారాలు ఆగితే తేదీని బట్టి పోల్చుకోవడం కుదరదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన క్రియలో "వెళ్లాను, చేశాను" అంటే ఆడో మగో తెలియదు, అది మేలే. కానీ చుట్టరికాల మాటలు ఆ మేలును పాడుచేస్తాయి. "మా ఆడపడుచు" అన్న ఒక్క మాటతో రాసింది పెళ్లైన స్త్రీ అని తెలిసిపోతుంది. "మా చిన్న బావగారు" అంటే ఇంట్లో వరసలు కూడా తెలిసినట్టే. "దగ్గరి బంధువు" అంటే సరిపోయే చోట అదే వాడండి. యాస సంగతీ అంతే, అజ్ఞాతంగా రాసేటప్పుడు పత్రికల్లో కనబడే మామూలు భాషలో రాయడం మంచిది.

జాగ్రత్తగా ప్రశ్న రాసినవాళ్లు కూడా వ్యాఖ్యల్లో జారిపోతారు. "ఏ ఊరు? ఏ కంపెనీ?" అని ఎవరో అభిమానంగా అడుగుతారు, మొహమాటానికి చెప్పేస్తారు. అలాంటప్పుడు "అది తెలిస్తే జవాబు ఎలా మారుతుంది?" అని తిరిగి అడగండి. నిజంగా అవసరమైతే కారణం చెబుతారు.

ఫొటోలు, స్క్రీన్‌షాట్ల విషయంలో నాలుగు ప్రమాదాలున్నాయి. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. అంకెల్ని మసకగా చేస్తే, గడులుగా చెదరగొడితే కొన్నిసార్లు తిరిగి రాబట్టొచ్చు. పీడీఎఫ్ మీద నల్ల పెట్టె గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే వచ్చేస్తాయి. బొమ్మను కత్తిరించినా చాలదని 2023లో తేలింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని ఎడిటింగ్ సాధనం కత్తిరించేసిన భాగాన్ని కూడా ఫైల్ చివర వదిలేస్తోందని ఆ ఏడాది బయటపడింది. కాబట్టి దాచాల్సిన చోట ముదురు రంగు పెట్టె నిండుగా పెట్టి, ఆ తెరను మళ్లీ కొత్తగా స్క్రీన్‌షాట్ తీసి, ఆ కొత్త బొమ్మనే ఎక్కించండి.

ప్రోగ్రామర్లకు ప్రత్యేకంగా: కోడ్‌తో పాటు పాస్‌వర్డో ఏపీఐ కీయో పొరపాటున అతికిస్తే ఎడిట్ చేసి ఊరుకోవద్దు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో మార్పుల చరిత్ర అందరికీ కనబడుతుంది. పోస్టు పెట్టిన మొదటి 5 నిమిషాల్లో సొంతంగా చేసిన మార్పు మాత్రమే చరిత్రకెక్కకుండా కలిసిపోతుంది. పోస్టు తొలగించినా, రాతలకు పడే ఓట్లతో వచ్చే పాయింట్లు 10,000 దాటిన సభ్యులు చూడగలరు. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, ఆ తర్వాత ఫ్లాగ్ పెట్టి చరిత్ర లోంచి తీయించమని మోడరేటర్‌ను అడగండి. ఈ వరస తిరగేయకూడదు.

ట్రోల్ వచ్చినప్పుడు

కావాలని రెచ్చగొట్టే ట్రోల్ పుట్టుకతోనే అలాంటివాడని అనుకుంటాం. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో వేరేగా తేలింది. చికాకులో ఉన్న మనిషి, అప్పటికే ట్రోల్ వ్యాఖ్యలున్న చర్చను చూస్తే, తానూ అలాగే రాసే అవకాశం దాదాపు రెట్టింపైంది. అందుకే మొదటి చెడ్డ వ్యాఖ్యను తొందరగా తీయించడం ముఖ్యం. మీ సొంత పోస్టు కింద మీకు తొలగించే అధికారం ఉంటే సందేహించకుండా వాడండి. అది పిరికితనం కాదు, వెనక వచ్చేవాళ్లకు చేసే మేలు.

కొన్ని ప్రశ్నలే ట్రోలింగ్. "ఫలానావాళ్లు ఎందుకంత మోసగాళ్లు?" అన్న దానికి కోపంగా జవాబిచ్చినా ఆ ప్రశ్న ఇంకో వందమంది ఫీడ్‌లోకి వెళుతుంది. దాన్ని రిపోర్ట్ చేసి వదిలేయాలి. ఇంకో రకం మర్యాదగా మొదలవుతుంది: "ఆధారం ఉందా? అది సరే, దానికి ఆధారం?" ఒకసారి ఆధారం ఇవ్వండి. దాన్ని చదవకుండా మళ్లీ అదే అడిగితే అక్కడితో ఆపేయండి.

వేధింపు మీ మీదికే వస్తే పనుల వరస చాలా ముఖ్యం. మొదట సాక్ష్యం: వ్యాఖ్య, ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకు విడిగా రాసుకోవాలి. తర్వాత రిపోర్ట్. ఆఖరున బ్లాక్. ముందే బ్లాక్ చేస్తే కొన్నిచోట్ల ఆ పోస్టు మీకే కనబడదు, సాక్ష్యం చేజారుతుంది. రిపోర్టులో సరైన కారణం ఎంచుకోండి. చిరునామా బయటపెట్టినవాణ్ణి "నచ్చలేదు" కింద రిపోర్ట్ చేస్తే అది వరసలో అడుగునే ఉండిపోతుంది. "రిపోర్ట్ చేస్తున్నా చూడు" అని అవతలివాడికి చెప్పొద్దు, రాసింది చెరిపేసుకుంటాడు. వాడి పేరుతో స్క్రీన్‌షాట్ పెట్టి స్నేహితుల్ని ఉసిగొల్పడం కూడా వద్దు. అది మూక దాడి, చాలా వేదికల నిబంధనల ప్రకారం మీ ఖాతాకే ముప్పు.

బ్లాక్‌కు రెండో వైపు కూడా ఉంది. చర్చల సైటు రెడిట్‌లో 2022 నుంచి, మీరు బ్లాక్ చేసినవారు మీ పోస్టులకు జవాబు రాయలేరు. వేధింపుల నుంచి అది గట్టి రక్షణ. తప్పును ఎత్తిచూపేవాళ్లను వరసగా బ్లాక్ చేసి, తన తప్పుడు సమాచారాన్ని ప్రశ్నించేవాళ్లే లేకుండా చేసుకునే మనిషికీ అదే పనికొస్తుంది. ఎవరూ కాదనలేదంటే నిజమేనని అనుకోకూడదు.

ఏ జవాబును నమ్మాలి

అప్‌వోట్లు చెప్పేది ఎంతమందికి నచ్చిందన్నదే. ముందు వచ్చిన జవాబుకు ఎక్కువ కళ్లు, ఎక్కువ ఓట్లు పడతాయి. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు అడుగున ఉండిపోతుంది, కాబట్టి కొత్తవాటి వరసలో కూడా ఒకసారి చూడండి. తేదీ చూడండి. సాఫ్ట్‌వేర్, పన్నులు, నిబంధనల విషయాల్లో మూడేళ్ల నాటి మంచి జవాబు ఇవాళ తప్పు కావచ్చు.

తెలిసినవారి జవాబుకు ఒక గుర్తుంది: ఇది ఎప్పుడు పనిచేయదో కూడా చెబుతారు. "ఈ పద్ధతి ఫలానా సందర్భంలో కుదరదు, అప్పుడు ఇలా చేయండి" అన్న వాక్యం అనుభవం లేకుండా రావడం అరుదు. అన్ని రంగాల్లోనూ రోజుకు పాతిక జవాబులు, అన్నీ ఒకే పొడవు, ఒకే నున్నటి ధోరణి ఉంటే జాగ్రత్తపడండి. 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో చాట్‌జీపీటీ జవాబుల్ని నిషేధించింది కూడా ఇందుకే. చూడటానికి సరిగ్గా ఉండి, తరచూ తప్పయ్యే జవాబుల్ని సరిచూడటం వాలంటీర్ల తరం కాలేదు.

ప్రశ్న పడిన పది నిమిషాల్లో ఒక వస్తువు లింకుతో జవాబు, దాని కింద "చాలా బాగా పనిచేసింది" అని ఇంకొకరు. ఇలా కనబడితే అడిగిన, జవాబిచ్చిన, మెచ్చుకున్న ఆ మూడు ఖాతాలూ ఎప్పుడు తెరిచారో చూడండి. ఒకే వారంలో పుట్టినవైతే ఒకే మనిషి మూడు ముసుగులు కావడానికే అవకాశం ఎక్కువ.

అన్నిటికంటే ప్రమాదకరమైన జవాబు "ఇన్‌బాక్స్‌కు రండి, సాయం చేస్తా" అన్నది. బహిరంగంగా తప్పు చెబితే ఇంకో పదిమంది సరిదిద్దుతారు, ఇన్‌బాక్స్‌లో ఆ పదిమందీ ఉండరు. డబ్బు, ఆరోగ్యం, చట్టం గురించి ఇబ్బందిలో అడిగినవాళ్లనే ఇలా పక్కకు పిలుస్తారు. "అందరికీ ఉపయోగపడుతుంది, ఇక్కడే రాయండి" అనండి. మోసగాడు అక్కడితో మాయమవుతాడు. ఓటీపీ అడిగినా, తెర చూపించే యాప్ వేసుకోమన్నా ఇంకేం ఆలోచించక్కర్లేదు, రిపోర్ట్ చేయండి.

పాత రాతలు

ఆరు నెలలకోసారి మీ యూజర్‌నేమ్‌ను కొటేషన్లలో పెట్టి వెతకండి. తొలగించిన పోస్టు ఇంకా సెర్చ్‌లో కనబడుతుంటే, పాతబడిన ఫలితాలను తీసేయమని అడిగేందుకు గూగుల్ దగ్గర ప్రత్యేక ఫారం ఉంది. ఖాతా మూసేసే ముందు మీ డేటా దింపుకొని, బయటపడకూడదనుకున్న పోస్టుల్ని ఒక్కొక్కటిగా తొలగించండి. ఖాతా తొలగిస్తే రాతలన్నీ పోతాయనుకోవద్దు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులు అలాగే ఉండి, మీ పేరు చోట "యూజర్" అనే మాట, ఒక అంకె వస్తాయి. ఇలాంటిదే ఇంకో ప్రశ్నోత్తరాల సైటు యాహూ ఆన్సర్స్ 2021 మే 4న మూతపడింది. అప్పటికే స్వచ్ఛంద సేవకులు అందులో చాలా భాగాన్ని కాపీ చేసి భద్రపరిచారు. సైటు పోయినా, అక్కడ అడిగిన ప్రశ్నలు చాలా వరకు ఇప్పటికీ చదవొచ్చు.