నరసాపురం రైలు దిగి సఖినేటిపల్లి పంటు ఎక్కేదాకా: నా అనుభవం

మాది ధర్మపురి దగ్గరి పల్లె. మా అమ్మ పుట్టినప్పటి నుంచి గోదావరి స్నానాల మధ్య పెరిగిన మనిషి. మా ఒడ్డున వెలసిన లక్ష్మీనరసింహస్వామే, ఈ నది సముద్రంలో కలిసేచోట అంతర్వేదిలోనూ ఉన్నాడని ఎవరి నోటనో విన్ననాటి నుంచి, ఒక్కసారి అక్కడికి తీసుకుపొమ్మని అడుగుతూనే ఉంది. సంక్రాంతి వెళ్ళిన తరువాతి వారంలో నాకు సెలవు దొరికింది. నిన్ననే తిరిగి వచ్చాము. దర్శనం దివ్యంగా జరిగింది. అయితే రైలు దిగిన చోటికీ, పంటు (మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కిన చోటికీ మధ్య ఆటోలో కాసేపు పట్టే దూరంలో మాకు జరిగిన అవమానం ఇంకా మనసులో మండుతూనే ఉంది. మా వెనక రాబోయే వారికి ఉపయోగపడుతుందని దాన్ని పూర్తిగా రాస్తున్నాను.

కొత్తవారికి ముందు ఒక మాట చెప్పాలి. అంతర్వేది ఉన్న కోనసీమకు ఒకవైపు గౌతమి, మరొకవైపు వశిష్ఠ అనే గోదావరి పాయలు, దిగువన సముద్రం ఉన్నాయి కనుక అది నిజంగానే ఒక దీవి, పైగా దాని లోపలికి రైలు లేదు. 2000-2001 బడ్జెట్‌లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం మార్గం పూర్తయితే ఆ లోటు తీరుతుంది. అప్పటిదాకా హైదరాబాదు వైపు నుంచి అంతర్వేదికి పోయేవారు భీమవరం, పాలకొల్లు మీదుగా నరసాపురం దాకా రైల్లో వచ్చి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగుతారు. నీళ్లు దాటడం ఇష్టం లేనివారికి చించినాడ వంతెన ఉంది కాని, ఆ దారిలో పోవాలంటే నరసాపురం దాకా రావలసిన పనే లేదు, పాలకొల్లులో దిగితే చాలు. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, మాకు జరిగిన మోసమంతా దాని చుట్టూనే తిరిగింది.

రైలు ప్రయాణం హాయిగా సాగింది. తెల్లవారేసరికి కిటికీకి అటూ ఇటూ చేపల చెరువులు, కొబ్బరిచెట్లు కనిపిస్తుంటే అమ్మ పక్క సీటు వారితో కబుర్లలో పడింది.

మేము అవతలి ఒడ్డున గది మాట్లాడుకున్నది యాత్రికులకు బస ఏర్పాట్లు చేసే ఒక మనిషి ద్వారా. అతని పేరుతో ఇక్కడ పని లేదు. ముందుగా రెండు వేల రూపాయలు పంపించాను. స్టేషనుకు కారు పంపుతాననీ, రేవు దాకా దింపడానికి విడిగా ఏమీ ఇవ్వనక్కరలేదనీ అతడు ఫోనులో స్పష్టంగా చెప్పాడు. చెప్పినట్టే కారు వచ్చింది. డ్రైవరు మర్యాదగా నమస్కారం పెట్టి, మేము వద్దంటున్నా వినకుండా సంచులన్నీ కారు పైకెత్తి, నైలాను తాడుతో గట్టిగా బిగించి కట్టాడు. కట్టడం పూర్తయ్యాక, తలుపు తెరిచి పట్టుకొని, అప్పుడు చెప్పాడు:

“పంటు ఆపేశారండి. వంతెన మీంచి తిరిగెళ్ళాలండి. నాలుగు వేల ఐదు వందలవుద్దండి.”

ఎందుకు ఆపారని అడిగాను. గాలి అన్నాడు. అక్కడ కొబ్బరాకు కూడా కదలడం లేదు. ఆ మాటే అంటే, నీళ్లు తక్కువగా ఉన్నాయన్నాడు. తక్కువైతే పోటు వచ్చాక నడుస్తుంది కదా అంటే, ఈరోజుకు ఇక లేదన్నాడు. వంతెన మీదుగానే పోవలసి ఉంటే, గంట క్రితం మా రైలు పాలకొల్లులో ఆగినప్పుడు అక్కడే దిగమని ఎందుకు చెప్పలేదని అడిగాను. దానికి అతని దగ్గర జవాబు లేదు. ఫోను తీసి, బస మాట్లాడిపెట్టిన మనిషికి కలిపి, చుట్టూ ఉన్నవారందరికీ వినపడేలా స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు.

ఆ తరువాత నేను విన్నవి నా తల్లి ఎదుట ఎవరూ అనకూడని మాటలు. “కచ్చులూరు మర్చిపోయారా మేడమ్? ఆ ముసలావిణ్ణి పంటెక్కించి ఏదైనా అయితే ఎవరు మేడమ్ జవాబుదారీ? మీ తెలంగాణ వాళ్ళకి గోదారి గురించి ఏం తెలుసండి? మేం చెప్పింది వినండి, డబ్బుకి చూసుకోకండి.” ఆటోల వాళ్లు, టీ తాగుతున్నవాళ్లు, మాతో పాటు రైలు దిగినవాళ్లు ఆగి చూస్తున్నారు. కొందరు నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, “పడవ నడుస్తలేదా బిడ్డా? నా వల్ల నీకు ఇబ్బందైతుందా?” అని మెల్లగా అడిగింది. పది మందిలో తల్లి చేత ఆ మాట అనిపించడం కంటే పెద్ద అవమానం నాకు తెలియదు.

గోదావరి గురించి మాకేం తెలుసునని అడిగాడు కనుక చెబుతున్నాను. ఆ నది కందకుర్తి దగ్గర మా గడ్డ మీద అడుగుపెట్టి, బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం చూసి, ఆ తరువాతే ధవళేశ్వరం చేరుతుంది. పుష్కరం వచ్చిందంటే మా ఊళ్ళో ప్రతి ఇల్లూ సత్రమే అవుతుంది. వరదకు మునిగిన గడపలను కడుక్కున్నవాళ్లం మేము. ఈ మాటలు ఫోనులో అతనికి కూడా గట్టిగానే చెప్పాను, చెప్పినందుకు గర్వపడుతున్నాను.

కచ్చులూరు సంగతి వేరే చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న అక్కడ పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. అది పాపికొండల దారిలో, కొండల మధ్య ఇరుకున, నది వరద మీద ఉన్న రోజుల్లో జరిగిన ఘోరం. చలికాలంలో, డెల్టాలో, వెడల్పుగా నిదానంగా పారే వశిష్ఠను పట్టపగలు పంటు మీద దాటడానికీ దానికీ పోలిక లేదు. నీటిని చూసి భయపడడం తప్పు కాదు, జాగ్రత్త అడగడం అంతకన్నా తప్పు కాదు. చనిపోయినవారి పేరు చెప్పి ఒక ముసలితల్లిని బెదిరించి కారు కిరాయి రాబట్టడం మాత్రం పాపం. నాకు ఇంతకంటే మెత్తని మాట దొరకడం లేదు.

అంతలో అమ్మ కారు వైపు వేలు చూపించింది. ఆమె సంచిలో, ధర్మపురి రేవులో నింపి మూతికి గుడ్డ కట్టి తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఉంది. ఆ నీటిని అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కలపాలని ఆమె మొక్కు. తాడు బిగించినప్పుడు చెంబు ఒరిగినట్టుంది, గుడ్డలోంచి నీరు ఊరి, కారు అద్దం మీదుగా సన్నటి ధారగా దిగుతోంది. సంచులు దింపమన్నాను. వచ్చిపోయే ఖర్చు కింద పన్నెండు వందలు ఇస్తేనే తాడు విప్పుతానన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన, వెనక సీటు మీద కొబ్బరికాయల బస్తాతో, మోటారు సైకిలు మీద వచ్చి టీ కొట్టు ముందు ఆగాడు. బండి చక్రాలకు బూడిదరంగు బురద, ఇంకా తడిగా, అంటుకొని ఉంది. చొక్కా జేబులోంచి చిన్న టికెట్టు ముక్క బయటికి కనిపిస్తోంది. దగ్గరికి వెళ్ళి, “అయ్యా, పంటు తిరుగుతున్నదా?” అని అడిగాను.

“ఆయ్, ఎందుకు తిరగదండి? ఇప్పుడే దిగొచ్చానండి. బండి బురద కూడా ఆరలేదు చూడండి,” అని, నా ముఖమూ, కారు పైనున్న సంచులూ చూసి, నేను చెప్పకుండానే సంగతి గ్రహించి డ్రైవరు వైపు తిరిగాడు. “ఏరా అబ్బాయ్, దేవుడి దర్శనానికొచ్చిన ఆడోళ్ళతోనా? విప్పు తాడు.” గొంతు పెంచలేదు. డ్రైవరు మారుమాట్లాడకుండా విప్పాడు. పోలీసులను పిలుస్తానని నేను అప్పటికే చెప్పి ఉన్నాను కాని, ఆ పని చేసింది ఆ పెద్దాయన మాటే. పెట్రోలుకని డ్రైవరుకు మూడు వందలు ఇచ్చాను, ఎందుకంటే అతడు యజమాని చెప్పిన పని చేసిన కూలివాడు. నా కోపమంతా ఫోను అవతల కూర్చున్నవాడి మీదే.

ఆ తరువాత దారిలో చెప్పుకోవలసిన కష్టమేమీ లేదు. వేరే ఆటో ఎక్కి రేవుకు చేరాము, టికెట్టుకు అయినది టీ ఖర్చు పాటి సొమ్ము. రెండు పెద్ద పడవలను పక్కపక్కన చేర్చి పైన బల్లలు పరిచినదే పంటు. దాని మీదకు కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, బడి పిల్లలు, చేపల తట్టలు అన్నీ ఎక్కుతాయి. రేవు వాలు తడిగా ఉన్నందున ఒక కుర్రాడు, “అమ్మగారండి, నా చెయ్యట్టుకోండి,” అంటూ అమ్మను బల్ల దాటించి, ఇంజను పొగ తగలని పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నది మధ్యకు వచ్చాక గాలిలో ఉప్పు వాసన తగిలింది. అమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకొని, పంటు నడిపే సరంగును ఏవేవో ప్రశ్నలు అడుగుతూనే ఉంది, ఆయన విసుక్కోకుండా జవాబిస్తూనే ఉన్నాడు. మిగిలిన నీటిని మరునాడు సంగమంలో కలిపింది.

ఇక వెళ్ళదలచినవారికి నేను చెప్పేది వినండి. స్టేషను బయట పంటు గురించి, మిమ్మల్ని బండి ఎక్కించుకొని లాభపడేవారిని అడగకండి. అవతలి ఒడ్డు నుంచి వస్తున్నవారిని అడగండి, లేదా రేవు పక్క కొట్ల వారి నంబరు ఒకటి ముందే సంపాదించుకోండి. సంచులు ఎంత బరువైనా, కిరాయీ దారీ తేలేదాకా చేతిలోంచి వదలకండి. కారు పంపుతామనే వారికి ముందుగా డబ్బు పంపకండి. పంపవలసివస్తే, ఏ దారిన తీసుకుపోతారో, ఎంత తీసుకుంటారో సందేశం రూపంలో రాయించుకోండి.

పంటు నిజంగానే ఆగే రోజులు ఉంటాయి, వాటిని కాదనడం లేదు. వరద కాలంలో ధవళేశ్వరం బ్యారేజి దగ్గరి నీటిమట్టం వార్తల్లో రోజూ చెబుతారు. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. హెచ్చరిక ఉన్న రోజుల్లో పంటు మాట తలపెట్టక, పాలకొల్లులో దిగి చించినాడ వంతెన మీదుగా దిండి, మలికిపురం మార్గాన వెళ్ళడమే క్షేమం. మాఘమాసంలో స్వామి కల్యాణానికీ, భీష్మ ఏకాదశి రథోత్సవానికీ జనం విపరీతంగా వస్తారు కనుక, వృద్ధులను తీసుకువెళ్ళేవారు ఆ నాలుగు రోజులు తప్పించుకుంటే మంచిది. నల్లబల్ల ఒకటి స్టేషను గుమ్మం దగ్గర పెట్టి, పంటు నడుస్తున్నదో లేదో, ఆఖరిది ఎన్నింటికో ప్రతి ఉదయం సుద్దముక్కతో రాయించే ఏర్పాటు ఎవరైనా చేయగలిగితే, మాలాంటి వారి సగం కష్టం తీరుతుంది. దానికి నిధులూ, టెండర్లూ అక్కరలేదు.

సఖినేటిపల్లి రేవులో దిగగానే అంతర్వేదికి ఆటోలు దొరుకుతాయి. మేము ముందు మాట్లాడుకున్న గదికి వెళ్ళకుండా అంతర్వేదిలోనే ఒక సత్రంలో దిగాము. ముందుగా కట్టిన రెండు వేలు తిరిగి ఇమ్మని, బస మాట్లాడిపెట్టిన ఆ మనిషికి సందేశం పంపాను. నా సందేశం చదివినట్టు కనిపిస్తోంది కాని జవాబు రాలేదు. డబ్బు పంపిన రసీదూ, కారు ఉచితమని అతడు పెట్టిన సందేశమూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ వారంలోగా అతడు స్పందించకపోతే, వాటి నకళ్లు జతచేసి వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేస్తున్నాను.