ఐదేళ్ల తర్వాత కనిపించిన రెండో గీత

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో దగ్గు వినపడని ఇల్లు అరుదు. రోహిణి ఎండలకు కాగిన గోడలు చల్లారకముందే తొలకరి జల్లులు పడతాయి, రాత్రికి రాత్రే గాలి మారుతుంది, ఇంటిల్లిపాదికీ వరసగా జలుబు చేస్తుంది. 2025 జూన్ 8న, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఉబ్బసం ఉన్నవాళ్లు బారులు తీరిన దృశ్యాలను మా అత్తగారు టీవీలో చూస్తుండగా, ఆమె పక్కనే కూర్చున్న నాకు గొంతులో గరగర మొదలైంది. కార్తె మారినందువల్లనే అనుకున్నాను. మరునాడు సాయంత్రానికి 101 డిగ్రీల జ్వరం వచ్చింది, గుక్కెడు మంచినీళ్లు మింగాలన్నా గొంతు కోసుకుపోతున్నట్టుగా ఉంది. అంతకు మూడు రోజుల ముందు నాగోలులో ఒక పెళ్లికి వెళ్లాం. కిటికీలన్నీ మూసి ఏసీలు వేసిన హాలులో నాలుగు గంటలు గడిపాం, ఎంతోకాలంగా చూడని బంధువులందరినీ దగ్గరగా నిలబడి పలకరించాను.

అత్తగారు ఇంట్లో లేకపోతే పరీక్ష చేయించుకునేదాన్ని కాదు. ఆమెకు ఎనభై ఒక్క ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఆయాసం ఉంది, రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ పీల్చనిదే గడవదు. ముందు రోజంతా ఆమె పక్కనే కూర్చున్నానన్న సంగతి జ్వరం కన్నా ఎక్కువగా నన్ను వణికించింది. మా వారు కిట్ కోసం నల్లకుంటలో రెండు మందుల దుకాణాలు తిరిగితే, ఇప్పుడు అవి తెప్పించడం లేదన్నారు. మూడో చోట కుర్రవాడు లోపలికి వెళ్లి వెతికి, గడువు తేదీ చూసి ఇస్తూ, "ఇంకా ఉందా సార్, కరోనా?" అని అడిగాడట.

కిట్‌లో ఉన్న పుల్లను రెండు ముక్కుల్లోనూ తిప్పి, దానిని చిన్న సీసాలోని ద్రవంలో ముంచి, చుక్కలు వేసి, పదిహేను నిమిషాలు ఆగాలి. మొదట కనిపించే గీత పరీక్ష సరిగా జరిగిందని మాత్రమే చెబుతుంది. వైరస్ లోపలి ప్రోటీన్ ఆ చుక్కల్లో ఉంటేనే, దానిని పట్టుకునే యాంటీబాడీలను పూసిన చోట రెండో గీత రంగు తేలుతుంది. అది ఎంత పలచగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. నాది పలచగా లేదు. ఐదు నిమిషాలు కూడా కాకముందే ముదురుగా తేలింది. నేను లేచి కిటికీలు రెండూ తెరిచి, గది తలుపు లోపలి నుంచి వేసుకున్నాను.

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడినప్పటి నుంచి ఆ రోజు వరకు నాకు కోవిడ్ రాలేదనే నమ్మకంతో ఉన్నాను. మా ఇల్లు ఫీవర్ ఆసుపత్రికి దగ్గర. ఆ మొదటి రోగికి చికిత్స చేసిన గాంధీ ఆసుపత్రి కూడా మాకు ఎంతో దూరం కాదు. ఆ రెండేళ్లలో మేము అంబులెన్సుల చప్పుడు వినని రాత్రి లేదు. మా వారికి 2020లో వచ్చింది, అబ్బాయికి బెంగళూరులో రెండుసార్లు వచ్చింది, కళాశాలలో నాతో పాఠాలు చెప్పేవాళ్లందరికీ వచ్చి పోయింది. నాకు రాలేదు. మాస్కు మానకపోవడం, జనం గుమిగూడే చోట్లకు వెళ్లకపోవడం, సమయానికి టీకాలు వేయించుకోవడం వల్లనే తప్పించుకోగలిగానని అనుకునేదాన్ని, అడిగినవాళ్లకూ అదే చెప్పేదాన్ని.

గదిలో పడుకుని ఆలోచిస్తుంటే ఆ నమ్మకం ఎంతవరకు నిజమన్న ప్రశ్న వచ్చింది. మా ఇంటికి దగ్గరలోనే ఉన్న రెండు సంస్థలు, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, టీకాలు తయారుచేసే భారత్ బయోటెక్‌తో కలిసి నగరంలోని 30 వార్డుల్లో 9 వేల మందికి పైగా రక్త నమూనాలను పరీక్షించి, 2021 మార్చిలో ఫలితాలను వెల్లడించాయి. అప్పటికే 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి, వాళ్లలో ముప్పాతిక వంతుకు పైగా తమకు వ్యాధి సోకిన సంగతే ఎరగరు. అంటే మా వారికి జ్వరం వచ్చిన ఆ నెలలో, ఒకే వంటింట్లో తిరిగిన నాకూ సోకి, ఏ లక్షణమూ చూపకుండా వెళ్లిపోయి ఉండవచ్చు. ఇప్పుడు రక్తం పరీక్షించినా తేలదు. కోవిషీల్డ్ వేసుకున్నవారిలో వైరస్ పైనున్న కొమ్ముల ప్రోటీన్‌కు మాత్రమే టీకా వల్ల యాంటీబాడీలు పుడతాయి గనుక, లోపలి ప్రోటీన్‌కు యాంటీబాడీలు కనిపిస్తే వ్యాధి సోకిందని అనుకోవచ్చు. నేను మూడు డోసులూ వేయించుకున్నది కోవాగ్జిన్. శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకాలో నిర్వీర్యం చేసిన వైరస్ మొత్తం ఉంటుంది గనుక, రెండు రకాల యాంటీబాడీలూ దాని వల్లనే వచ్చి ఉండవచ్చు. ఐదేళ్లపాటు నా జాగ్రత్త గురించి నేను చెప్పుకున్న మాటకు ఆధారం లేదన్నమాట. అందువల్ల ఆ జాగ్రత్త వృథా అయిందని మాత్రం అనుకోను. అత్తగారు ఇవాళ టీవీ ముందు కూర్చుని ఉన్నారు.

ఆ సాయంత్రం డాక్టరు ఫోనులో, జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగమని, యాంటీబయాటిక్స్ గాని స్టెరాయిడ్లు గాని అవసరం లేదని చెప్పి, ఆక్సీమీటర్ ఉంటే పూటకోసారి చూసుకోమన్నారు. ఉంది. బీరువా పై అరలో, నాలుగేళ్లుగా ఎవరూ తాకని ప్లాస్టిక్ సంచిలో ఉంది. మా వారు దానిని తీసి చూస్తే బ్యాటరీలు కారిపోయి లోపల పచ్చగా చిలుము పట్టింది. ఆయన నిమ్మరసంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి తలుపు దగ్గర పెట్టారు. సంచిలో దానితో పాటు ఉన్న చిన్న నోటు పుస్తకాన్ని కూడా పెట్టారు. అందులో ఏముందో ఆయనకు గుర్తులేదు. నాకు గుర్తుంది.

ఆ ఆక్సీమీటర్ మా బాబాయిది. 2021 మే నెలలో, రాష్ట్రంలో పొద్దున ఆరు నుంచి పది వరకు మాత్రమే బయట తిరగనిచ్చిన లాక్‌డౌన్ రోజుల్లో, మల్కాజిగిరిలో ఆయనకు జ్వరం మొదలైంది. పిన్ని ఆ నోటు పుస్తకంలో గీతలు గీసి, వేళ, జ్వరం, ఆక్సిజన్ అని మూడు వరుసలు రాసింది. మొదటి మూడు రోజులు 97, 96, 96. ఐదో రోజు 94. ఆరో రోజు పొద్దున 93, మధ్యాహ్నం 91. వేలికి తొడిగిన ఆ పరికరం ఎర్రని కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, రక్తం దేనిని ఎంత పీల్చుకుంటున్నదో చూసి ప్రాణవాయువు శాతాన్ని లెక్కగడుతుంది. 94కు తగ్గితే ఆసుపత్రి గురించి ఆలోచించాలని అప్పటికి అందరికీ తెలుసు. 91 ఉన్న మధ్యాహ్నం బాబాయి నాతో ఫోనులో మాట్లాడాడు. ఆయాసపడలేదు. "ఈ ఏడు ఆవకాయ పెట్టారా అమ్మా? కాయ దొరికిందా?" అని అడిగాడు. రక్తంలో ప్రాణవాయువు పడిపోతున్నా మనిషికి ఊపిరాడనట్టు తెలియకపోవడం ఈ వ్యాధిలో ఉన్న దారుణమని తర్వాత చదివాను. ఆ మాటల్లో నాకు ఏ అపాయమూ వినిపించలేదు. మామిడికాయ దొరకలేదని చెప్పి ఫోను పెట్టేశాను.

రెండు ఆసుపత్రుల్లో పడకలు లేవన్నారు. బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపి ఆక్సిజన్ నింపి తెప్పించుకోవలసి వచ్చిన కాలమది. మూడో చోట రాత్రి పదకొండింటికి పడక దొరికింది. పుస్తకంలో ఆఖరి పంక్తి ఆ రాత్రి తొమ్మిదిన్నరకు రాసినది, 86. ఆ తర్వాత పన్నెండు రోజులు ఆయన బతికాడు, ఆ రోజుల అంకెలు ఆసుపత్రి కాగితాల్లో ఉన్నాయి. పన్నెండో రోజు మునిసిపాలిటీ సిబ్బంది ఇద్దరు, ఆయన కొడుకు ఒక్కడు తప్ప ఎవరూ వెంట లేకుండా దహనం జరిగింది. పిన్ని ఆ పరికరాన్నీ పుస్తకాన్నీ సంచిలో వేసి, తన కళ్ల ముందు ఉంచవద్దని చెప్పి మా వారి చేతికి ఇచ్చింది. బాబాయికి అరవై ఒక్క ఏళ్లు. ఏప్రిల్‌లో ఒక్క డోసు వేయించుకున్నాడు, రెండోది వేయించుకునే సమయం రాలేదు.

నా వేలికి తొడిగినప్పుడు 97 చూపింది. ఆ అంకెను పిన్ని గీసిన గడుల్లో రాయడానికి చెయ్యి రాలేదు. గోడ క్యాలెండరు నుంచి మే నెల కాగితం చించి, దాని వెనక రాసుకున్నాను. ఏడు రోజులూ 96కు తగ్గలేదు. వ్యాధి మారింది, ఒమిక్రాన్ వంశపు రకాలు ఊపిరితిత్తుల లోతుకు దిగడం కన్నా గొంతులోనే ఎక్కువగా ఉంటున్నాయి. నా ఒంట్లో మూడు డోసుల టీకా జ్ఞాపకం ఉంది. ఆసుపత్రుల్లో పడకలు ఖాళీగా ఉన్నాయి. ఈ మూడూ బాబాయికి లేవు. ఇంటికి వచ్చేవాళ్లు, ఫోను చేసేవాళ్లు అందరూ ఇప్పుడిది ఉత్త జలుబేనని ధైర్యం చెబుతున్నప్పుడు వాళ్ల మంచి మనసు తెలుస్తూనే ఉన్నా, ఆ మాట నాకు కష్టం కలిగించింది. నాకది జలుబులా గడవడం వెనక ఎందరి శ్రమ, ఎందరి చావు ఉన్నాయో ఆ మాటలో ఇమడదు.

అత్తగారు మాత్రం ఆ మాట అనలేదు. వరండా వైపు గదిలోకి మారమంటే ఎదురు చెప్పకుండా మారారు, ఇంట్లో కూడా మాస్కు పెట్టుకున్నారు. 2022 జనవరిలో వచ్చిన నియమాల ప్రకారం పరీక్ష చేసిన నాటి నుంచి ఏడు రోజులు, అందులో చివరి మూడు రోజులు జ్వరం లేకుండా గడిస్తే విడిగా ఉండడం చాలించవచ్చు. నేను పది రోజులు బయటికి రాలేదు. ఆమె రోజూ సాయంత్రం తలుపుకు రెండు గజాల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. ఆమె చిన్నతనంలో వాళ్ల ఊళ్లో అమ్మవారు పోసిన ఇళ్లకు గుమ్మాన వేపమండలు కట్టేవారట, అవి చూసి ఊరంతా ఆ గడప తొక్కడం మానేదట. "కట్టేది లోపలున్నవాళ్ల కోసం కాదమ్మాయీ, దారిన పోయేవాళ్ల కోసం" అన్నారు. ఆ రాత్రే పెళ్లివారికీ, కళాశాలకూ, పెళ్లిలో నా పక్కన కూర్చున్న ఇద్దరికీ ఫోన్లు చేసి చెప్పాను. పెళ్లివారు నొచ్చుకున్నారు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారని అన్నారు. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకామెకు అప్పటికే జ్వరం ఉంది, ఇంట్లో పసిబిడ్డ ఉన్నందున వెంటనే పరీక్ష చేయించుకుంది. చెప్పడం సరైన పనేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అత్తగారికి సోకలేదు. రెండుసార్లు చేసిన పరీక్షలోనూ ఒకటే గీత వచ్చింది.

వాసన పోలేదు, రుచి పోలేదు. పోయింది ఊపిరి నిడివి. ఇరవై ఆరేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు తెలుగు చెబుతున్నాను, శార్దూలంలో ఒక పాదాన్ని మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదవడం నాకు నడకంత అలవాటు. జూన్ నెలాఖరులో తరగతికి వెళ్లి పద్యం ఎత్తుకుంటే యతి దాటకముందే గుండె దడదడలాడింది, గాలి చాలక ఆగిపోయాను. పిల్లలు అది నేను కావాలని ఇచ్చిన విరామమనుకుని ఎదురు చూశారు. మూడో అంతస్తుకు మెట్లెక్కేటప్పుడు రెండుచోట్ల నిలబడవలసి వచ్చేది. డాక్టరు తొందరపడి బలవంతంగా నడవవద్దని, అలసట మొదలవకముందే ఆగిపోవాలని చెప్పారు. అలాగే చేశాను. ఆగస్టు మూడో వారంలో ఒక పాదం పూర్తిగా, ఊపిరి తెగకుండా చదవగలిగాను.

పిన్నికి మాత్రం అన్ని రోజులూ చెప్పలేదు. ఆమెను ఆ మే నెలలోకి మళ్లీ తీసుకుపోయినట్టవుతుందని భయపడ్డాను. రాఖీ పున్నమికి వాళ్ల అబ్బాయి మా ఇంటికి వచ్చినప్పుడు, నేను మెట్ల మీద ఆగడం చూసి అడిగితే చెప్పవలసి వచ్చింది. ఆ రాత్రే ఆమె ఫోను చేసింది. ఎందుకు దాచావని అడగలేదు. ఎంత ఉండేదని అడిగింది. 97, ఒక్కోసారి 96 అన్నాను. ఏ పూట ఎంతో చెప్పమంది. క్యాలెండరు కాగితం తెచ్చుకుని, వెలుతురు దగ్గర కూర్చుని, ఏడు రోజుల అంకెలూ వరసగా చదివాను. ప్రతి అంకెకూ ఆమె ఊ కొట్టింది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు.

"దేనితో చూసుకున్నావు?" అని అడిగింది.

బాబాయిదేనని చెప్పాను.

"పుస్తకం కూడా అందులోనే ఉందా?"

"ఉంది పిన్నీ."

"ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా, తల్లీ. ఒకసారి చూసుకుంటాను."