వాల్వుల్లేని రేడియో

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. బల్ల మీద రోజంతా ఒకటే సర్క్యూట్ బొమ్మ: 1946లో జర్మనీలోని ఫ్యూర్త్‌లో మాక్స్ గ్రుండిగ్ మొదలుపెట్టిన, ఇంట్లోనే బిగించుకునే రేడియో, హైన్‌జెల్‌మన్ కిట్టు.

రేడియో తయారు చెయ్యాలంటే అప్పుడక్కడ యుద్ధంలో గెలిచి వచ్చిన ఆక్రమణ సైన్యం అనుమతి కావాలి. గ్రుండిగ్ కిట్టులో వాల్వులు, అంటే సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు, పెట్టలేదు. వాల్వుల్లేనిది రేడియో ఎలా అవుతుంది? ఆటబొమ్మ కింద అమ్ముడైంది. వాల్వుల సంగతి కొన్నవాడు చూసుకోవాలి. నల్లబజారులో జర్మన్ సైన్యపు ఆర్‌వీ12పీ2000 దొరికేది. మహా ఉపకారి ఆ పెంటోడ్ (అయిదు ఎలక్ట్రోడ్ల వాల్వు). తరంగంలోంచి ధ్వని తీసే డిటెక్టర్‌కీ అదే, స్పీకరుని నడిపే అవుట్‌పుట్‌కీ అదే, లోపలి జాలీల్లాంటి గ్రిడ్లని ఆనోడ్‌కి కలిపేస్తే ఏసీని డీసీ చేసే రెక్టిఫైయరూ అదే.

వాల్వుని వేడెక్కించే ఫిలమెంటుకి 12.6 వోల్టులు, 75 మిల్లీఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మూడింటిని సిరీస్‌లో 220 వోల్టుల లైనుకి కలిపితే, 37.8 పోను మిగతా 182 వోల్టులు రెసిస్టరే మోయాలి. అంటే సుమారు 2,430 ఓములు, దాదాపు 14 వాట్ల వేడి. 10 వాట్లది మాడిపోతుంది. 25 వాట్లది తీసుకుని, గాలాడేలా కాస్త ఎడంగా బిగించాలి. ఇంకో ప్రమాదం: చాసిస్, అంటే సెట్టు లోపలి రేకు చట్రం, నేరుగా లైనుకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి గుచ్చితే ఫేజు చాసిస్ మీదికొస్తుంది. నాబ్ ఊడి స్క్రూ బయటపడిందంటే ఇక చెప్పక్కర్లేదు.

స్టేషన్ని ఏరే ట్యూనింగ్ సర్క్యూట్ ఒక్కటే కనక బలమంతా ఫీడ్‌బ్యాక్‌తోనే, అంటే పెరిగిన సంకేతాన్ని మళ్లీ మొదటికి పంపడంతోనే, రావాలి. ఫీడ్‌బ్యాక్ నాబ్‌ని కూత మొదలయ్యేదాకా తిప్పి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి తేవాలి. దాటితే సెట్టే ట్రాన్స్‌మిటరై పక్కింటి రేడియోలో ఈలేస్తుంది.

స్టేషన్లదీ పరాయి పెత్తనమే. బ్రిటిష్ వాళ్లు బీబీసీ అచ్చులో ఎన్‌డబ్ల్యూడీఆర్ అనే రేడియో సంస్థ పెట్టి, దాని మీద బీబీసీ మనిషి హ్యూ గ్రీన్‌ని కూర్చోబెట్టారు. అమెరికన్లు తమ జోన్‌లో ఊరికో సంస్థగా విడగొట్టారు. కానీ అసలు దెబ్బ 1948లో కోపెన్‌హాగన్‌లో పడింది. అక్కడ యూరప్ దేశాలు మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీలు పంచుకున్నప్పుడు జర్మనీకి ఓటే లేదు. ఆ పంపకం 1950 మార్చి 15 నుంచి అమలు. అంతదాకా ఆగకుండా 1949 ఫిబ్రవరి 28న మ్యూనిక్‌లో, మర్నాడు హనోవర్‌లో, మీడియం వేవ్‌తో పనిలేని ఎఫ్‌ఎం మొదలుపెట్టేశారు.

పాత సెట్లకి తగిలించే చవక ఎఫ్‌ఎం అడాప్టర్లలో సూపర్‌రీజెనరేటివ్ డిటెక్టరే (ఫీడ్‌బ్యాక్‌ని కూతదాకా తెచ్చి సెకనుకు వేలసార్లు ఆపే రకం) ఎక్కువ. 90 మెగాహెర్ట్జ్‌కి 1.6 మీటర్ల డైపోల్ ఏంటెనా చాలు. అయితే అదే డైపోల్ గుండా డిటెక్టర్ బుస వీధంతా పాకేది. డిటెక్టర్‌కి ముందు ఒక ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) వాల్వు అడ్డం పెడితే తప్ప అణగదు.