ట్రూత్ కాదు, డ్రూత్

స్కాట్లండులో ఎయిర్ దగ్గర ఒక కేర్ హోంలో పనిచేస్తున్నా, వచ్చి రెండేళ్ళు దాటింది. ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకునే వీసా మీద వచ్చాను, అయినా మొదటి వారంలోనే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంటే నాకు వినపడింది 'నా దగ్గర ఘోరమైన ట్రూత్ ఉంది హెన్' అని. హెన్ అంటే ఇక్కడ కోడి కాదు, మనం తల్లీ అని పిలిచినట్టు. తొంభై దాటిన మనిషి, ఎన్నాళ్ళుగానో మనసులో దాచుకున్నది చెప్పుకోవాలనుకుంటోందేమో అని కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నా. ఆవిడ మళ్ళీ అదే మాట. పెదాలు పగిలి తెల్లగా పొర కట్టాయి, నాలుక అంగిట్లో అంటుకుని మాట సాగట్లేదు, నేనేమో చెప్పండి చెప్పండి అంటూ చెయ్యి నిమురుతున్నా. అటుగా వచ్చిన సీనియర్ చూసి గబగబా రెండు పిడుల కప్పులో జ్యూస్ కలిపి తెచ్చింది, ఆవిడ ఆగకుండా తాగేసింది.

డ్రూత్ అంటే దాహం. ఆ నాలుగైదు నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత తెలిసింది, ఇది మనం స్కూల్లో కరువు అని నేర్చుకున్న డ్రౌట్ అన్న మాటే. పాత ఇంగ్లీషులో 'డ్రూగథ్' అంటే ఎండిపోవడం, పొడి అనే డ్రై కూడా అదే వేరు నుంచి వచ్చింది, పొడవుకి లెంగ్త్, వెచ్చదనానికి వార్మ్త్ అన్నట్టే చివర ఆ థ్ చేరింది. మామూలు ఇంగ్లీషులో థ్ కాస్తా ట్ అయిపోయి, మాట కూడా దాదాపు నేలకే మిగిలింది. ఇక్కడి వాళ్ళు థ్ ని వదల్లేదు, నోటి దాహాన్నీ వదల్లేదు. బాగా తాగే మనిషిని కూడా డ్రూత్ అనే అంటారు. జనవరి 25న స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజుకి మా లాంజ్‌లో ఆయన 'టామ్ ఓ షాంటర్' చదివారు, 1790లో రాసిన పద్యం, కథ జరిగేది ఈ ఎయిర్ చుట్టుపక్కలే. మొదట్లోనే సంతరోజు సాయంత్రం డ్రూతీ ఇరుగుపొరుగులు కలుసుకుంటారని వస్తుంది. ఆ ముక్కకి మా పెద్దావిడ కూడా పెదాలు కదిపింది.

ఇంకో అర్థం లాండ్రీలో పనిచేసే ఆవిడ దగ్గర విన్నా. బాగా గాలి వీచే రోజు తలుపు తీసి 'ఇవాళ మంచి డ్రూత్ ఉంది' అంటుంది, అంటే దుప్పట్లు ఇట్టే ఆరిపోతాయని. మనకి ఎండబెట్టేది ఎండ, మాటలోనే ఉంది కదా, వీళ్ళకి వానల మధ్య ఆ పని చేసిపెట్టేది గాలి.

మాది అనంతపురం పక్క పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, అది కూడా సమయానికి పడదు, శెనక్కాయ ఊడలు దిగే టైంకి మబ్బు మొహం చాటేస్తుంది. మా అవ్వ చేన్లోంచి వచ్చి గడప మీద కూలబడి 'నాలుక పిడచగట్టుక పోతాంది పాపా' అనేది, చెంబు పట్టుకుని పరిగెత్తేదాన్ని. చేనుకీ నోటికీ ఒకే మాట ఉందని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గడపే, అందుకేనేమో ఈ మాట మీద నాకింత ప్రేమ.

వయసు మీద పడితే దాహం సరిగ్గా తెలీదు, అందుకే ఎవరు ఎన్ని మిల్లీలీటర్లు తాగారో ఫ్లూయిడ్ చార్టులో రాస్తాం. అలాంటి మనిషి తనంతట తాను దాహం అని అడిగిందంటే ఎంత ఎండిపోయి ఉండాలి! పోయిన నెల గుంటూరు నుంచి ఒకమ్మాయి కొత్తగా చేరింది, మనుషుల్ని మంచం మీంచి లేపే హాయిస్ట్ ఎలా వాడాలో, అలారం ఎక్కడుందో చూపించకముందే ఆ అమ్మాయిచేత ఈ మాట మూడుసార్లు పలికించా.